రంగస్థలం మీద సైనికుడి భయానికి చోటివ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మన జిల్లాలో పరిషత్తు పోటీల్లోనూ, పంద్రాగస్టుకూ జనవరి 26కూ కళాశాలల్లో వేసే నాటికల్లోనూ సైనికుడి పాత్రకు కొదవ లేదు. కొదవంతా ఆ సైనికుడి మనసుకే వచ్చింది. ఈ సంగతిని నాటక రచయితలూ, దర్శకులూ, బహుమతులు నిర్ణయించే పెద్దలూ కాస్త ఆలోచించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను నెల్లూరులో చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. పిల్లల చేత నాటకాలు వేయించడం ఉద్యోగంలో భాగం కాకపోయినా, ఉద్యోగం కన్నా ఎక్కువ ఇష్టంగా ఆ పని చేశాను.

ఆ నాటికల్లో సైనికుడు ఎలా ఉంటాడో చూసినవారందరికీ తెలుసు. తెర లేస్తుంది, ఎర్ర లైటు పడుతుంది, తెర వెనక ఎవరో టపాకాయల జడ అంటిస్తారు. గుండు తగిలిన సైనికుడు ఎడమ చేత్తో ఛాతీ అదిమి పట్టుకొని, కుడి చేత్తో జెండా ఎత్తి, కన్నతల్లికొక మాట, కట్టుకున్నదానికొక మాట, దేశానికొక మాట చెప్పి, చప్పట్లు పూర్తిగా సద్దుమణిగాక గాని ప్రాణం విడవడు. ఈ మధ్య చూసిన ఒక నాటికలో ఆ చివరి మాటలే దాదాపు పావు వంతు సమయం తీసుకున్నాయి. ఉత్తమ నటుడి బహుమతి కూడా ఆ పాత్రకే దక్కింది. నటుణ్ణి తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు, ఆయన గొంతు నిజంగానే బాగుంది. దేశభక్తి మీద కూడా నాకు పేచీ లేదు. యుద్ధం మనిషి మనసును ఏం చేస్తుందో చూపడానికి దొరికిన గంట సమయాన్ని చావుకు అలంకారాలు చేయడానికి ఖర్చుపెడుతున్నామే అన్నది నా బాధ. ఆ పనిని శ్రద్ధగా చేసిన నాటకాలు లోకంలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లోంచి పుట్టాయి.

1914 చివరికల్లా ఫ్రాన్సు, బెల్జియం గడ్డ మీద రెండు పక్షాల సేనలూ ముందుకు కదలలేక నేలలోకి దిగిపోయాయి. ఉత్తర సముద్రం నుంచి స్విట్జర్లాండు సరిహద్దు దాకా కందకాలు తవ్వుకొని, ఏళ్ల తరబడి దాదాపు అదే వరసలో ఎదురెదురుగా కూర్చున్నాయి. బురద, ఎలుకలు, పేలు, నీళ్లలో నాని కుళ్లిన పాదాలు అందరూ చెప్పేవే. అయితే అంతకన్నా లోతుగా దెబ్బ తీసింది మరొకటి ఉంది. ఫిరంగి గుండు వేసేవాడు మైళ్ల దూరంలో ఉంటాడు, వాడి ముఖం వీడికి గాని, వీడి ముఖం వాడికి గాని కనిపించదు. పరుగెత్తిపోవడానికి వీల్లేదు, కలబడదామంటే ఎదుట మనిషి లేడు; తల మీద పడేది తన మీదే పడుతుందా, పక్కవాడి మీద పడుతుందా అని చెవులు రిక్కించి గంటలకొద్దీ కూర్చోవాలి. అలా కూర్చున్నవారిలో, ఒంటి మీద గీత కూడా పడనివారికి మాట పడిపోయింది, చూపు పోయింది, కాళ్లు చచ్చుబడ్డాయి, వణుకు ఆగలేదు. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇటువంటి రోగుల గురించి రాసినప్పుడు షెల్‌షాక్ అన్న పేరు వైద్యశాస్త్రంలోకి వచ్చింది. యుద్ధం ముగిసేసరికి ఒక్క బ్రిటిష్ సైన్యంలోనే ఇటువంటి కేసులు 80,000 దాకా ఉన్నాయని లెక్క చెబుతారు.

ఈ రోగులకు వైద్యం చేసినవారిలో డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ అన్న ఆయన ఉన్నారు. యుద్ధానికి ముందు మన నీలగిరులకు వచ్చి, తోడా గిరిజనుల మధ్య గడిపి, వారి గురించి 1906లో పెద్ద గ్రంథం వెలువరించినది ఈయనే. యుద్ధకాలంలో సైనికాధికారులకు వైద్యం చేస్తూ ఆయన గమనించిన సంగతి ఒకటి నాటకం రాసేవారందరూ గుర్తుంచుకోదగ్గది. విమానం నడిపేవారికి ప్రాణాపాయం తక్కువేమీ కాదు. అయినా నేలకు తాడుతో కట్టిన బెలూనులో కదలకుండా కూర్చుని శత్రువు జాడ కనిపెట్టేవారే మానసికంగా ఎక్కువగా దెబ్బతిన్నారు. చేతిలో పని ఉన్నవాడు భయాన్ని ఎలాగో మోసుకుపోతాడు; చేతులు కట్టుకుని కూర్చోవలసినవాడు విరిగిపోతాడు. భయం లేనట్టు నటించమని, జరిగినదాన్ని మరిచిపొమ్మని చెప్పడం వల్ల రోగం ముదురుతుందని కూడా రివర్స్ వాదించారు.

నాటకకర్తకు ఇక్కడే పెద్ద చిక్కు వచ్చిపడుతుంది. రంగస్థలం క్రియను కోరుతుంది. ఈ రోగమేమో ఏమీ చేయలేకపోవడంలోంచి పుట్టింది. ఎదురుచూడటాన్ని ప్రేక్షకుడికి విసుగు పుట్టకుండా చూపడం ఎలా? ఆర్. సి. షెరిఫ్ రాసిన 'జర్నీస్ ఎండ్' ఈ చిక్కును విప్పినంత నేర్పుగా విప్పిన నాటకాన్ని నేను మరొకటి చదవలేదు. షెరిఫ్ ఈస్ట్ సర్రే రెజిమెంటులో అధికారిగా కందకాల్లో ఉండి, 1917లో గాయపడి తిరిగివచ్చినవాడు. ఆడపాత్ర ఒక్కటి కూడా లేని ఆ నాటకాన్ని తీసుకోవడానికి లండన్ నాటక సంస్థలు మొదట ముందుకు రాలేదు. 1928 డిసెంబరులో ఒక చిన్న సంస్థ దాన్ని మొదటిసారి ప్రదర్శించినప్పుడు నాయక పాత్ర వేసిన లారెన్స్ ఒలివియర్ వయస్సు 21; నాటకంలో ఆ కెప్టెన్ స్టాన్‌హోప్ వయస్సు కూడా అంతే. మరుసటి సంవత్సరం పెద్ద థియేటరుకు వెళ్లి, వేరే నటుడితో ఏడాదికి పైగా ఆడింది.

కథంతా నేలలో తవ్విన ఒక గదిలో, 1918 మార్చి 18 సాయంత్రం నుంచి 21 తెల్లవారేదాకా నడుస్తుంది. 21వ తేదీ తెల్లవారుజామున జర్మన్లు వేల ఫిరంగులతో విరుచుకుపడ్డారన్న సంగతి ఆనాటి లండన్ ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పద్మవ్యూహం వైపు నడిచే అభిమన్యుణ్ణి మనం ఎలా చూస్తామో వారు ఆ పాత్రలను అలా చూశారు. కనుక రచయితకు ఉత్కంఠ కోసం పాట్లు పడవలసిన అవసరం లేకపోయింది. ఆ మిగిలిన శ్రమంతా చిన్న చిన్న పనుల మీద పెట్టాడు. తెర లేచేసరికి ఒక అధికారి కొవ్వొత్తి మంట మీద మేజోడు ఆరబెట్టుకుంటూ కూనిరాగం తీస్తుంటాడు. వంటవాడు మిరియాల పొడి తేవడం మరిచిపోతే దాని మీద పెద్ద చర్చ జరుగుతుంది. ట్రాటర్ అనే లావుపాటి అధికారి కాగితం మీద 144 సున్నాలు చుట్టి, గంట గడిచినప్పుడల్లా ఒక సున్నాను నల్లగా నింపుతుంటాడు. ఆరు రోజుల వంతుకు గంటలు అన్నే మరి. నాటకంలో ఆ మనిషి ఎప్పుడూ బెంబేలెత్తడు, కడుపునిండా తింటాడు, హాయిగా నిద్రపోతాడు. ఆ సున్నాల కాగితం లేకపోతే అతనికి మనసే లేదనుకుంటాం.

ఇక స్టాన్‌హోప్. మూడేళ్లుగా కందకంలో ఉన్నాడు, బళ్లో ఉన్నప్పుడు ఆటల్లో నాయకుడు, ధైర్యానికి పతకం వచ్చినవాడు. విస్కీ లేకుండా పై మెట్టు ఎక్కి శత్రువు వైపు తల ఎత్తలేడు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలియడమే అతని నరకం. అదే బడి నుంచి రాలీ అనే కుర్రవాడు, ఇతన్ని దేవుడిలా ఆరాధించినవాడు, ఏరికోరి ఇతని దళంలోకే వస్తాడు. ఆ కుర్రవాడి అక్కను స్టాన్‌హోప్ పెళ్లాడవలసి ఉంది. కుర్రవాడు ఇంటికి ఏమి రాస్తాడోనన్న భయంతో, సైనికుల ఉత్తరాలు చదివే అధికారం తనకుందన్న సాకుతో, ఆ ఉత్తరాన్ని లాక్కుంటాడు. తీరా చదివిస్తే అందులో అంతా పొగడ్తే. అలిసిపోయినా పనిచేసే గొప్ప నాయకుడని రాసి ఉంటుంది. మనిషి కుప్పకూలడానికి తిట్టు కన్నా ఆ పొగడ్త ఎక్కువ పనిచేస్తుంది. ఉత్తరం చదివాక ఆ ఘట్టంలో గట్టి మాట ఒక్కటీ లేదు, మన నాటికల్లో అయితే ఇక్కడ కనీసం మూడు పేజీల ఆవేశం ఉండేది.

పగటి వేళ శత్రు కందకం మీద దాడి చేసి ఒక బందీని పట్టుకురావాలని పైనుంచి ఆజ్ఞ వస్తుంది. చీకటి పడ్డాక వెళితే కొందరైనా బతికి వస్తారు కదా అంటే, పైవారికి రాత్రి భోజనం వేళకు కబురు అందాలట. ఆ దాడిని రచయిత రంగస్థలం మీద చూపనే చూపలేదు. దానికి ముందు మిగిలిన కొద్ది నిమిషాల్లో వెళ్లవలసిన ఇద్దరూ, నడివయసు బడిపంతులు ఆస్బర్న్, పద్దెనిమిదేళ్ల రాలీ, ఊరి అడవుల గురించి, అక్కడ తిరిగే పందుల గురించి మాట్లాడుకుంటారు. వెళ్లేముందు ఆస్బర్న్ పెళ్లి ఉంగరం తీసి బల్ల మీద పెట్టి వెళ్తాడు. బందీ దొరుకుతాడు, ఆస్బర్న్ తిరిగిరాడు. తిరిగివచ్చిన కుర్రవాడు నోట మాట లేక ఒక మంచం మీద కూలబడతాడు. అప్పుడు స్టాన్‌హోప్ అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: ఆస్బర్న్ మంచం మీదే కూర్చోవాలా అని. ఆ రాత్రి అదే గదిలో షాంపేన్ తాగుతారు, చుట్టలు కాలుస్తారు, పగలబడి నవ్వుతారు. దుఃఖాన్ని నవ్వుల కింద పాతిపెట్టే ఆ విందు ఘట్టం చూశాక, ఏడుపుతోనే ఏడుపు పుడుతుందనుకునే మన దర్శకులు ఒక పూట ఆలోచనలో పడక తప్పదని నా నమ్మకం.

హిబ్బర్ట్ ఘట్టం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నరాల నొప్పి వచ్చిందని చెప్పి ఎలాగైనా వెనక్కి పోవాలనుకునే అధికారి ఇతను. స్టాన్‌హోప్ తుపాకీ తీసి, పారిపోతే కాల్చేస్తానంటాడు. కాల్చెయ్యి, పైకి మాత్రం పోలేను అంటాడు హిబ్బర్ట్. అప్పుడు స్టాన్‌హోప్ తుపాకీ దించి, నాకూ నీకున్నట్టే ఉంటుంది, ఇక్కడున్న అందరికీ అలాగే ఉంటుంది, రా, ఇద్దరం కలిసి పహరాకు వెళ్దాం అంటాడు. ఆ రోజుల్లో నిజంగా జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ఆ యుద్ధంలో పారిపోయినందుకో, పిరికితనానికో, అటువంటి మరో తప్పుకో బ్రిటిష్ సైనిక న్యాయస్థానాలు శిక్ష వేసి కాల్చి చంపిన 306 మందికి ఆ దేశం 2006లో గాని క్షమాపణ ఇవ్వలేదు. వారిలో హ్యారీ ఫార్ అనే సైనికుడు షెల్‌షాక్‌కు ఆస్పత్రిలో చికిత్స పొంది కూడా, మళ్లీ ముందు వరుసకు పోలేనన్నందుకు 1916 అక్టోబరులో సొంత సైన్యం గుండుకే బలయ్యాడు. ప్రభుత్వం ఒప్పుకోవడానికి తొంభై ఏళ్లు పట్టిన మాటను నాటకం యుద్ధం ముగిసిన పదేళ్లకే చెప్పగలిగింది.

ఇదంతా పరాయి దేశపు వ్యవహారం, మన సంప్రదాయంలో వీరరసానిదే పీట అని కొందరు మిత్రులు అంటారు. నెల్లూరువారు మాత్రం ఆ మాట అనకూడదు. పెన్న ఒడ్డున తిక్కన మహాభారతం మొదలుపెట్టినదే విరాటపర్వంతో. అందులో ఉత్తరుడు కౌరవసేనను చూసి చెప్పే 'భీష్మద్రోణకృపాది' పద్యం పద్యనాటకం చూసిన ప్రతివారికీ వచ్చు. రంగస్థలం మీద ఆ పద్యానికి ముందూ వెనకా నవ్వులే. కాళ్లు తడబడే ఉత్తరుణ్ణి చూసి పిల్లలు పడి పడి నవ్వుతారు. పద్యాన్ని మాత్రం నిదానంగా చదివి చూడండి. అందులో ఉత్తరుడు చెప్పినదంతా అక్షరాలా నిజం. ఎదుట ఉన్నది భీష్ముడు, ద్రోణుడు, కృపుడు. ఆ సైన్యం అంత భయంకరమైనదే. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలిగినవాడి భయం అది. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి, పారిపోతున్నవాణ్ణి పట్టుకున్న అర్జునుడు అతన్ని చంపలేదు, ఇంటికి తరిమేయలేదు. పగ్గాలు చేతికిచ్చి సారథిని చేశాడు. పారిపోయినవాడే ఆ రోజు యుద్ధమంతటా రథం తోలాడు. చేతిలో పని ఉన్నవాడు భయాన్ని మోసుకుపోతాడని రివర్స్ తన రోగులను చూసి తెలుసుకున్నదీ, స్టాన్‌హోప్ హిబ్బర్ట్‌ను వెంటబెట్టుకుని పహరాకు వెళ్లడమూ నాకు ఈ ఘట్టానికి వ్యాఖ్యానాల్లాగే కనిపిస్తాయి. మన నటులు ఆ పగ్గాలు అందుకునే క్షణాన్ని రెండు అడుగుల్లో దాటేసి, అర్జునుడి శంఖం దగ్గరకు పరుగు తీస్తారు.

అదే తిక్కన పెదతండ్రి కొడుకు ఖడ్గతిక్కన కథ ఇందుకు పూర్తిగా ఎదురు. పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, తగాదాలో కాటమరాజు సేనతో పోరుకు వెళ్లి, ఓడి ఇల్లు చేరిన ఆ సేనానికి భార్య ఆడవారికి పెట్టినట్టు మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి, స్నానానికి నీళ్లు తోడిందనీ, తల్లి విరిగిన పాలు పోసిందనీ, ఆ అవమానం భరించలేక తిరిగి వెళ్లి పోరాడి మరణించాడనీ చాటువులు చెబుతాయి. ఆ పద్యాలు బడిలో మాచేత వల్లె వేయించారు, నేనూ గర్వంగానే అప్పజెప్పాను. ఇప్పుడు చదివితే ఆ ఇంట్లో ఆయనను అక్కడ ఏం చూశావని అడిగినవారు ఒక్కరైనా ఉన్నారా అన్న సందేహం కలుగుతుంది. స్నానానికి కూర్చున్న చోటు నుంచి మళ్లీ గుర్రం ఎక్కే దాకా ఆ మనిషి మనసులో ఏం జరిగిందో చాటువుకు అక్కరలేదు, నాలుగు పాదాల్లో అది పట్టదు కూడా. నాటకానికి అక్కర ఉండాలి. నెల్లూరు రచయిత ఎవరైనా ఆ కొద్దిసేపటినే ఒక నాటికగా రాస్తే, ఆ తల్లినీ భార్యనూ రాక్షసులుగా చేయకుండా రాయగలిగితే, పురమందిరంలో మొదటి వరుస టిక్కెట్టు నేను కొంటాను.

ఇంటికి వచ్చిన సైనికుణ్ణి చూడలేకపోవడం మన జబ్బే అనుకోనక్కరలేదు. ఐరిష్ రచయిత షాన్ ఒకేసీ 'ది సిల్వర్ టాసీ' నాటకాన్ని 1928లో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌కు ఇస్తే, కవి యేట్స్ తదితరులు తిరగ్గొట్టారు. మరుసటి ఏడాది లండన్‌లో అది తెర ఎక్కింది. కప్పు గెలిచిన ఫుట్‌బాల్ వీరుడు యుద్ధానికి వెళ్లి నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో తిరిగివస్తాడు. ప్రేమించిన పిల్ల ఇప్పుడు వేరొకడితో నాట్యమాడుతోంది, ఆ వేరొకడు ఇతని ప్రాణం కాపాడిన స్నేహితుడు. రెండో అంకంలో రచయిత వాస్తవికతను పూర్తిగా వదిలేసి, శిథిలమైన మఠం ముందు సైనికుల చేత ఫిరంగికి ప్రార్థనలు పాడిస్తాడు. ఆ అంకం నాకు పూర్తిగా రుచించలేదని చెప్పాలి, కాని భజన తెలిసిన మన బృందాలకు అది బాగా పట్టుబడవచ్చు. 1963లో జోన్ లిటిల్‌వుడ్ బృందం 'ఓ వాట్ ఎ లవ్లీ వార్' ఆడినప్పుడు నటులకు ఖాకీ దుస్తులే వేయలేదు. జాతర విదూషకుల తెల్ల దుస్తుల్లో ఆడుతూ పాడుతుంటే, వెనక పలక మీద చచ్చిపోయినవారి లెక్కలు కదిలిపోతుంటాయి. బుర్రకథలో నవ్వించే హాస్యపు వంత ఉన్న మనకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు.

ఆ కందకాల్లో మనవారు లేరా అంటే ఉన్నారు. 1914 సెప్టెంబరు చివర మార్సే రేవులో దిగిన భారత సైన్యం ఆ చలికాలమంతా ఫ్రాన్సు బురదలో ఉంది. 1915 మార్చిలో నవ్ షపెల్ దగ్గర భారీగా నష్టపోయింది. ఫ్రాన్సు, బెల్జియం రంగానికి వెళ్లిన భారతీయులు 1,38,000 మంది దాకా ఉంటారు. వారు ఇళ్లకు రాసిన ఉత్తరాలను అధికారులు తెరిచి, అనువదించి చదివేవారు కాబట్టి, నల్లమిరియాలు అయిపోవచ్చాయి, ఎర్రమిరపకాయలు వాడుతున్నారు అని గుట్టుగా రాసేవారట. నల్లవంటే మనవారు, ఎర్రవంటే తెల్లవారు. మొదటి నెలల్లో ఆస్పత్రికి చేరినవారిలో చేతి గాయాలు ఎక్కువగా ఉండటంతో, కావాలని చేసుకున్నవేమోనని అధికారులు అనుమానించి విచారణ కూడా జరిపారు. ఆ అనుమానం ఎదుర్కొన్న ఒక సిపాయి, భాష రాని వైద్యుడు, మధ్యలో దుబాసీ. ఇంతకన్నా నాటకానికి ఏం కావాలి? తెలుగువారు కూడా ఉన్న మద్రాసు సాపర్ల (సైనిక ఇంజనీర్ల) దళాలు మెసపొటేమియా, తూర్పు ఆఫ్రికా రంగాల్లో పనిచేశాయి. కందకం తవ్వడం వారి వృత్తే. వారి మీద మన రంగస్థలం మీద ఆడదగ్గ నాటకమేదీ నా కంట పడలేదు.

ఈనాటికీ పశ్చిమ ప్రకాశంలో, గిద్దలూరు, కంభం వైపు, సైన్యానికి పిల్లలను పంపని ఊరు అరుదు. 1984 నుంచి సియాచిన్ మంచు మీద కాపలా కాస్తున్నవారు గాని, నియంత్రణ రేఖ వెంట బంకర్లలో ఉన్నవారు గాని ఎక్కువ కాలం గడిపేది ఎదురుచూడటంలోనే. సియాచిన్‌లో శత్రువు తుపాకీ కన్నా మంచూ చలీ తీసిన ప్రాణాలే ఎక్కువ. వారి నాటకాన్ని ఎర్ర లైటుతో, టపాకాయలతో రాయలేం.

మా కళాశాలలో ఒకసారి పిల్లలు 'జర్నీస్ ఎండ్'లో దాడికి ముందు ఘట్టాన్ని తెలుగు చేసుకుని రిహార్సలు వేస్తున్నారు. రాలీ వేషం వేసిన కుర్రవాడు నిమిషానికొకసారి చెయ్యి ఎత్తి వాచీ చూసుకుని, గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడు. నాకూ అది బాగానే అనిపించింది. గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసే మాజీ సైనికుడు, గిద్దలూరు వైపు మనిషి, తలుపు దగ్గర నిలబడి చూస్తుండేవాడు. ఆ రోజు రిహార్సలు అయ్యాక నా దగ్గరకు వచ్చి, "సార్, వాచీ అట్ట చూడరు సార్. మనం చూస్తన్నట్టు పక్కనోడికి తెలవకూడదు. తెలిస్తే వాడూ చూస్తాడు" అన్నాడు. మరునాడు కుర్రవాడు చొక్కా గుండీ సర్దుకుంటున్నట్టు నటించి, ఆ సందులో మణికట్టు వైపు ఒక్క చూపు చూశాడు. హాలులో కూర్చున్న మిగతా పిల్లల గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ కాపలాదారుణ్ణి తన సంగతులు చెప్పమని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ప్రదర్శన రోజున మాత్రం ముందు వరుసలో కూర్చోమంటే ఒప్పుకోక, గోడకు వీపు ఆనించి, రెండు తలుపులూ కనిపించే చోట నిలబడి చూశాడు.

మన ప్రేక్షకులు నిశ్శబ్దాన్ని భరించరు, ఈలలు వేస్తారు అన్న వాదన నేను చాలాసార్లు విన్నాను. పద్యానికి వన్స్‌మోర్ కొట్టే ప్రేక్షకుడే, రాగం ముగిశాక హార్మోనియం ఆగే ఆ క్షణంలో ఊపిరి బిగబట్టడం కూడా మనం చూస్తూనే ఉన్నాం. ఎక్కడ ఆగాలో నటుడికి తెలిస్తే ప్రేక్షకుడికీ తెలుస్తుంది. వాదన చేసేవారు ఒక పనిచేసి చూడవచ్చు: సైనికుడి నాటికలో చివరి ఉపన్యాసాన్ని తీసేసి, దానికి బదులు పక్క మంచం ఖాళీగా ఉన్న గదిలో అతని మిత్రుణ్ణి రెండు నిమిషాలు ఒంటరిగా వదిలేయాలి. ఆ రెండు నిమిషాల్లో అతను తాగే టీ, మడతపెట్టే దుప్పటి, చదవకుండా పక్కన పెట్టే ఉత్తరం చాలు.

చేయకూడనివి కూడా చెప్పాలి. మతి చెడిన సైనికుడంటే జుట్టు విరబోసుకుని, వెర్రినవ్వు నవ్వి, కనబడినవారి మీదకు తుపాకీ ఎక్కుపెట్టడమేనన్న సినిమా అలవాటును రంగస్థలానికి తేకండి. కందకాల నుంచి వచ్చినవారిలో అధికులు ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. నిద్ర లేక, మాట తడబడి, ఇంట్లో వారికి ఏం చెప్పాలో తెలియక బతికారు. సైనికుల కుటుంబాలు ఉన్న ఊళ్లలో అటువంటి వెర్రి వేషం చూపితే, ఆస్పత్రికి వెళ్దామనుకునేవాడు కూడా మానుకుంటాడు.

పరిషత్తు నిర్వాహకులకు నా మనవి ఏమిటంటే, ఉత్తమ నటుడి బహుమతికి మార్కులు వేసేటప్పుడు డైలాగు చెప్పిన తీరుతో పాటు, డైలాగు లేనప్పుడు నటుడు ఏం చేశాడో కూడా లెక్కలోకి తీసుకోవాలని నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చండి. ఇటువంటి నాటకానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు. ఒకే రంగాలంకరణ, ఒక బల్ల, రెండు నవారు మంచాలు, నాలుగు కొవ్వొత్తులు, దూరంగా ఫిరంగి మోత వినిపించడానికి ఒక స్పీకరు సరిపోతాయి. ఆ మోత కూడా సన్నగా ఉండాలి, ప్రేక్షకుడు అది ఆగిందని గమనించి ఉలిక్కిపడేంత సన్నగా.

పైన చెప్పిన ఇంగ్లీషు నాటకాల ప్రతులు నా దగ్గర ఉన్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నాటకం రాసే యువకులెవరైనా మీ పత్రిక ద్వారా అడిగితే చదువుకోవడానికి ఇస్తాను. అట్టలు ఊడిపోయాయి, పేజీల అంచుల నిండా పెన్సిలు రాతలున్నాయి. వాటిని ఓర్చుకుని, చదవగానే తిరిగి ఇచ్చేయాలి.

ఇట్లు,
విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు,
నెల్లూరు.